గంటస్తంభం దగ్గర కొట్టు

మా మావయ్య కొట్టు ఖాళీ చేసేస్తున్నారు. విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో, ఒక పక్క గడియారాల రిపేరు, ఇంకో పక్క బంగారం పని, మధ్యలో చేతులు ఆనీ ఆనీ నున్నబడిపోయిన టేకు బల్ల. సొరుగులో చిన్న త్రాసు, రేకు డబ్బాలో గురివింద గింజలు ఇప్పటికీ ఉన్నాయి. తులం అంటే 11.66 గ్రాములని లెక్క రాకముందు బంగారం వాటితోనే తూచేవారు.

సామాను అమ్మేస్తే చాలంటున్నారు అందరూ. నాకు మాత్రం కొట్టుని కొట్టుగానే ఉంచాలని ఉంది. స్టాక్‌హోమ్‌లో 1891లోనే స్కాన్సెన్ అని పాత ఇళ్లని విప్పి తెచ్చి, ఆరుబయట మళ్లీ నిలబెట్టిన మ్యూజియం పెట్టారు. చెన్నై దగ్గర దక్షిణచిత్రలోనూ పాత ఇళ్లని అలాగే తెచ్చి కట్టారు. పని తెలిసినవాళ్లు ప్రతి దూలానికీ, తలుపుకీ నంబరు వేసి, ఫొటోలు తీసి, ఆ తర్వాతే విప్పుతారట. ఏ మేకుకి ఏ గడియారం వేలాడిందో కూడా రాసుకోవాలి, అదే పోతే మిగిలేది పాత సామానే కదా!

గోడ గడియారం దించబోతే మావయ్య ఒక్కసారిగా అరిచాడు. "ముందు లోలకం తియ్యరా! ఊగిందంటే పైనున్న సన్న రేకు విరిగిపోద్ది." మళ్లీ తగిలించాక టిక్కుకీ టక్కుకీ మధ్య సమానంగా వినిపించేదాకా పెట్టెని అటూ ఇటూ వెంట్రుకవాసి జరపాలట, ఆయన కళ్లు మూసుకుని చెవితోనే చూసుకుంటాడు. అదంతా వీడియో తీశాను.

ఆదివారం నంబర్లు మొదలుపెట్టాం. బల్లకి 1 వేశాం.