కుంటి కోడిపెట్టకు ముందుగా కావలసింది మంచి నేల

మా పెరట్లో పెరుగుతున్న నాటుకోడి పెట్టకు కుడికాలు పనిచేయదు. దాని ఈకల్లో ఎరుపు, నలుపు, తెలుపు కలిసి ఉండడం వల్ల గోదావరి జిల్లాల్లో పుంజుల రంగులకు పెట్టుకునే పేర్లలో ఒకటైన ‘పూల’ అన్న పేరే దానికీ పెట్టాము. ఇటువంటి కోడిని సాధారణంగా ఎవరూ ఉంచుకోరు; ఎదిగీ ఎదగకముందే కూరకు పోతుంది. మా అత్తగారు కూడా మొదట్లో “దాన్ని ఇంకా బాధపెట్టడం ఎందుకమ్మా” అన్నారు. ఆమె మాటలో జాలి తప్ప మరేమీ లేదు. కానీ కుంటి కోడి పడే బాధలో ఎక్కువ భాగం దాని కింద ఉన్న నేల నుంచి, అందని నీటి నుంచి, ఒంటికి అంటుకున్న మురికి నుంచి వస్తుందని, ఈ మూడింటినీ మనం తప్పించగలమని పూలను సాకుతూ నేను నమ్మకంగా చెప్పగలుగుతున్నాను.

కోడి కాలి మధ్యలో వెనక్కి వంగి కనిపించే కీలును చాలామంది మోకాలు అనుకుంటారు గాని, అది నిజానికి మడమ. అసలు మోకాలు ఈకల లోపల, పొట్టను ఆనుకొని ఉంటుంది. ఆ మడమ వెనుక ఒక గాడిలో ఉండవలసిన స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు వంటి భాగం, పక్కకు జారిపోతే పాదం మెలి తిరిగి, పిల్ల ఆ కీలు మీదే దేకుతుంది. ఎదిగే వయసులో మేతలో మాంగనీసు, కోలిన్ వంటి పోషకాలు చాలకపోవడం దీనికి ముఖ్యమైన కారణం. జారిన వెంటనే గుర్తిస్తే అనుభవమున్న పశువైద్యులు దాన్ని గాడిలోకి నెట్టి కట్టు కట్టగలుగుతారు. పూల మా ఇంటికి వచ్చేసరికే ఆ సమయం దాటిపోయింది.

కుంటితనమంతా ఒకటి కాదు. వార్తాపత్రికలు పరచిన నున్నని పెట్టెలో పెరిగిన కోడిపిల్లలకు కాళ్లు రెండు పక్కలకు జారిపోతాయి. పుట్టిన తొలి రోజుల్లోనే రెండు కాళ్లనూ సహజంగా నిలబడేంత ఎడంలో ఉంచి మెత్తని పట్టీతో కలిపి కట్టి, గరుకు గుడ్డ మీద ఉంచితే చాలావరకు సరి అవుతాయి. బి2 విటమిన్ లోపిస్తే వేళ్లు లోపలికి ముడుచుకుపోతాయి. అరికాలు వాచి నల్లని చెక్కు కట్టి ఉంటే అది పాదంలో చీము పట్టిన సంగతి. అప్పటివరకు బాగా తిరుగుతున్న కోడి ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాచి పడిపోతే మాత్రం మారెక్స్ వ్యాధి కావచ్చు. దానికి మందు లేదు, పిల్ల పుట్టిన రోజున వేసే టీకాయే రక్షణ. కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) సోకి బతికి బయటపడిన కోళ్లకు కూడా కాళ్లు చచ్చుబడడం, మెడ తిరగడం మిగిలిపోవచ్చు. ఈ రెండూ అంటువ్యాధులు, అందువల్ల కారణం తేలేవరకు కుంటిన కోడిని మిగతా వాటి నుంచి విడిగా ఉంచడం తప్పనిసరి.

ఇక నేల సంగతి. నడవలేని కోడి బరువంతా రొమ్ము ఎముక మీద, మడమల మీద పడుతుంది. గచ్చు మీద, గట్టి నేల మీద కూర్చోబెడితే అక్కడ ఈకలు రాలి, చర్మం ఎర్రబడి, చివరకు పుండు పడుతుంది. ఆ పుండు మానడం చాలా కష్టం. మిల్లు నుంచి తెచ్చిన పొడి ఊకను మందంగా పోసి, దాని మీద పాత నూలు దుప్పటి ముక్క పరుస్తాము. తడిసిన దుప్పటిని వెంటనే మారుస్తాము, ఊకను పైపైన కాక అడుగు వరకు తిరగవేస్తాము, ఎందుకంటే అడుగున నిలిచిన తేమ నుంచి వచ్చే ఘాటు వాసన కోడి కళ్లకు, ఊపిరికి హాని చేస్తుంది. రోజూ పూలను ఎత్తి, మడమలను, రొమ్మును వేలితో తడిమి చూడడం మా ఇంట్లో తప్పనిసరి పని.

తోక కింద ఈకలు మరింత జాగ్రత్త కోరతాయి. లేవలేని కోడికి రెట్ట అక్కడే అంటుకుంటుంది, వానాకాలంలో ఈగలు వాలి గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు చర్మాన్ని తొలిచేస్తాయి. ఆ చోట ఈకలను పొట్టిగా కత్తిరించి, గోరువెచ్చని నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. పసుపు, వేపనూనె దట్టంగా పూయడం నాకు ఇష్టం లేదు. నూనెకు ఈకలు అట్టకట్టి తేమను పట్టి ఉంచుతాయి.

మేతలో నూకలు, జొన్నలు, తవుడు, తోటకూర ఆకులు ఇస్తాము. తవుడులో మాంగనీసు మెండుగా ఉంటుంది. గుడ్లు పెట్టే కాలంలో ఆల్చిప్పల పొడి విడిగా ఒక మూకుడులో ఉంచుతాము, ఎందుకంటే ఒక్కో పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి, మేతలో దొరకకపోతే కోడి తన ఎముకల నుంచే దాన్ని తీసి ఇస్తుంది. అన్నం మాత్రం ఎక్కువ పెట్టము, కదలని కోడి ఇట్టే కొవ్వు పట్టి ఆ బరువు మంచి కాలిని కూడా పాడుచేస్తుంది.

పూలను నిలబెట్టడానికి మా మామగారు వెదురు చట్రానికి ఒక గుడ్డ ఉయ్యాల కట్టారు. కాళ్లు దిగడానికి రెండు రంధ్రాలు, రెట్ట పడడానికి వెనుక ఒకటి. పాదాలు నేలకు ఆనేంత ఎత్తులో కట్టి, ఎదురుగా నీళ్లు, గింజలు పెడితే అది మంచి కాలితో తన్నుకుంటూ కాసేపు నిలబడుతుంది. ఇక్కడ ఒక విషయం పిల్లలున్న ఇళ్లవారు తప్పక తెలుసుకోవాలి: కోడికి మనకున్నటువంటి ఉదరవితానం, అంటే ఊపిరితిత్తుల కింద ఉండి ఊపిరికి తోడ్పడే కండర పొర, లేదు, రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. రొమ్ము చుట్టూ గుడ్డను బిగించినా, చేతులతో గట్టిగా అదిమి పట్టుకున్నా దానికి ఊపిరాడక ప్రాణం పోవచ్చు.

తోటి కోళ్లు కుంటిదాన్ని పొడుస్తాయి, కాబట్టి పూల గూడుకు వలకంచె ఉంది. కానీ ఒంటరిగా ఉంచితే కోడి మేత తగ్గించేయవచ్చు గనుక, నెమ్మదైన ఒక నల్ల పెట్టను దానికి తోడుగా వదిలాము. పుంజును మాత్రం లోపలికి రానివ్వము, అది తొక్కితే పూల తప్పించుకోలేదు. కోడికి చెమట పట్టదు, ఎండాకాలంలో ముఖ్యంగా నోరు తెరిచి ఎగశ్వాసతో వేడిని పోగొట్టుకుంటుంది. నీడ జరిగితే తానూ జరగగలిగే కోళ్లకున్న వీలు పూలకు లేదు. అందుకని మధ్యాహ్నం దాన్ని గంపతో సహా వంటింటి పక్క వసారాలోకి మారుస్తాము.

మనుషులు వాడే నొప్పి మాత్రలను విరిచి వేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. నొప్పికి మందు పశువైద్యులే నిర్ణయించాలి. మందు వాడినంత కాలం, ఆ తర్వాత వారు చెప్పిన గడువు వరకు గుడ్లు తినకూడదు. పూల మేత మానేసి, కళ్లు మూసుకొని, పిలిచినా తల ఎత్తని స్థితి వస్తే, ఊయలలో కూడా శ్రమపడితే, దాన్ని నొప్పి లేకుండా సాగనంపే విషయం కూడా ఆ వైద్యులతోనే మాట్లాడుతానని ఇంట్లో అందరికీ చెప్పాను, అత్తగారు కూడా అందుకు ఒప్పుకున్నారు. ప్రస్తుతానికి అది గింజల డబ్బా చప్పుడు వినగానే మెడ చాచి అరుస్తోంది, ఊక కోసం ఈ వారం మళ్లీ మిల్లుకు కబురు పంపాలి.