హ్యాండ్ థెరపీలోకి మారడం: శిక్షణ, స్ప్లింట్లు, రికార్డు – నా అనుభవం

రోజువారీ పనులు చేసుకునేలా తోడ్పడే చికిత్స ఆక్యుపేషనల్ థెరపీ. పట్టా ఒకటే అయినా దాని కింద ఉన్న పనులు చాలా వేరు. ఎదుగుదల మందగించిన పిల్లలు, పక్షవాతం తర్వాత పునరావాసం, మానసిక ఆరోగ్యం, పెద్దవయసువారికి ఇంట్లో చేయాల్సిన మార్పులు, చూపు తగ్గినవారికి శిక్షణ, గాయం తర్వాత మళ్లీ ఉద్యోగంలో చేర్చడం, మళ్లీ బండి నడపగలరా అని అంచనా వేయడం, చేతి చికిత్స. అన్ని కోర్సులూ కొద్దికొద్దిగా చేస్తూ పోతే సర్టిఫికెట్లు పేరుకుంటాయి గానీ రోగి చేతిలో మార్పు రాదు. జనరల్ పని నుంచి హ్యాండ్ థెరపీకి మారినప్పుడు నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఏ కోర్సు చేసినా, అది అయిన కొన్ని వారాల్లోనే అందులో నేర్చుకున్న ఒక పనిని రోగులతో చేయాలి, ఫలితాన్ని కొలవాలి, కాగితం మీద పెట్టాలి. ఈ మూడూ కుదరని కోర్సుకు డబ్బు కట్టలేదు.

రంగాన్ని ఎంచుకునేటప్పుడు ఇష్టం సరిపోదు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో చేతి సమస్యలు ఎన్ని? చేతి ఆపరేషన్లు చేసే సర్జన్‌తో నేరుగా మాట్లాడే వీలుందా? నా పని చూసి తప్పొప్పులు చెప్పే అనుభవజ్ఞులు అందుబాటులో ఉన్నారా? మూడో ప్రశ్నకు లేదు అనే జవాబు వస్తే మొదటి రెండూ బాగున్నా ఆగడం మంచిది. స్ప్లింటు (చేతిని కావాల్సిన స్థితిలో నిలిపే గట్టి ఆధారం) ఎక్కడ ఒత్తుతుందో, టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) ఎంత కదిలించాలో పక్కన నిలబడి చూపించేవాళ్లు లేకుండా వీడియోలతో నేర్చుకోవడం రోగికి ప్రమాదం.

తర్వాత నియమాలు చదవాలి, ఎందుకంటే రికార్డు ఎలా పెట్టాలో అవే నిర్ణయిస్తాయి. అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపిస్టులకు సర్టిఫికేషన్ ఇచ్చే సంస్థ ఎన్‌బీసీఓటీ. ఆ సర్టిఫికేషన్ నిలబెట్టుకోవాలంటే 3 ఏళ్లకు 36 శిక్షణ యూనిట్లు చూపించాలి. బ్రిటన్‌లో థెరపిస్టులను రిజిస్టర్ చేసే సంస్థ హెచ్‌సీపీసీ గంటల లెక్కే పెట్టలేదు. నేర్చుకున్నవి రకరకాలుగా ఉండాలి, రికార్డు ఎప్పటికప్పుడు రాసి ఉండాలి, దానివల్ల రోగికి ఏం మేలు జరిగిందో చూపాలి అంటుంది. రెండేళ్లకోసారి రిజిస్ట్రేషన్ కొత్తచేసుకునేటప్పుడు 2.5 శాతం మందిని యాదృచ్ఛికంగా ఎంచి వాళ్ల ఫైలు అడుగుతుంది. హ్యాండ్ థెరపీ ప్రత్యేక సర్టిఫికేషన్ ఇచ్చే హెచ్‌టీసీసీ పరీక్ష రాయాలంటే 3 ఏళ్ల వృత్తి అనుభవం, చేతి రోగులతో నేరుగా చేసిన 4000 గంటల పని కావాలి. వారానికి 20 గంటల చొప్పున ఏడాదికి 50 వారాలు చేస్తే 4000 గంటలకు నాలుగేళ్లు. పూర్తికాలం చేసేవాళ్లకు గంటలు రెండేళ్లలో నిండినా మూడేళ్ల షరతు అలాగే ఉంటుంది. క్లాసుల్లో కూర్చున్న గంటలు ఈ లెక్కలో చేరవు. అందుకే పని గంటలకు ఒక పట్టిక, శిక్షణ గంటలకు మరొకటి మొదటిరోజు నుంచే విడిగా పెట్టాలి. తర్వాత పాత రిజిస్టర్లు తిరగేసి గంటలు ఏరడం భరించలేని పని.

కోర్సుల వరుస కూడా ముఖ్యమే. చాలామంది టెండన్ ప్రోటోకాల్స్‌తో (ఆపరేషన్ తర్వాత టెండన్‌ను ఎప్పుడు, ఎంత కదిలించాలనే పద్ధతులు) మొదలుపెడతారు, అదే ఆకర్షణీయం కాబట్టి. నేను అనాటమీ, కొలతలు, స్ప్లింట్లు, టెండన్లు, నరాలు అనే వరుసలో వెళ్లాను. కొలవడం రాకుండా మిగతావి నేర్చుకుంటే పని చేస్తున్నదో లేదో తెలియదు.

కీలు ఎంత వంగుతుందో కొలిచే గోనియోమీటరుతో ఒకే కీలును ఇద్దరు కొలిస్తే 5 డిగ్రీల దాకా తేడా రావడం మామూలే. కాబట్టి 5 డిగ్రీలు పెరిగిందని సంతోషించడానికి లేదు. వీలైనంత వరకు ఒకరే, అదే పరికరంతో, మణికట్టును అదే స్థితిలో ఉంచి కొలవాలి. మణికట్టు ముందుకు వంగి ఉంటే వేళ్లు తెరుచుకోవడం తేలిక, వెనక్కి వంచితే మూసుకోవడం తేలిక. ఆ స్థితి రాయని కొలత తర్వాత ఎందుకూ పనికిరాదు. పట్టు బలానికి జామర్ డైనమోమీటరు: రోగి కూర్చోవాలి, భుజం ఒంటికి ఆనించాలి, మోచేయి 90 డిగ్రీలు, పిడి రెండో స్థానంలో, మూడుసార్లు పట్టించి సగటు. టెండన్ కుట్టి కొత్తగా ఉన్నా, ఎముక అతుక్కోకపోయినా ఈ పరీక్ష ముట్టుకోకూడదు.

స్పర్శకు సెమ్స్-వైన్‌స్టైన్ మోనోఫిలమెంట్లు, అంటే అంకె పెరిగేకొద్దీ మందం పెరిగే నైలాన్ తంతువులు. 2.83 తంతువు తగిలినట్టు తెలిస్తే మామూలు స్పర్శ, 3.61 అయితే తేలికపాటి స్పర్శ తగ్గింది, 4.31 అయితే ప్రమాదాన్ని పసిగట్టే రక్షణ స్పర్శ తగ్గింది, 4.56 దగ్గరికి వస్తే రక్షణ స్పర్శ పోయినట్టు. తంతువును నిటారుగా ఆనించి అది వంగేదాకా సుమారు ఒకటిన్నర సెకను, అలాగే ఉంచి ఒకటిన్నర, ఎత్తడానికి ఒకటిన్నర. 2.83, 3.61 తంతువులను ఒకే చోట మూడుసార్లు ఆనించాలి. ఒక్కసారి గుర్తించినా సరిపోతుంది. ఇక్కడ జరిగే పొరపాటు తొందర. టక్కున పొడిస్తే తంతువు ఇవ్వాల్సిన దానికంటే ఎక్కువ ఒత్తిడి పడి, లేని స్పర్శ ఉన్నట్టు కనిపిస్తుంది. ఒకసారి వంకర తిరిగి అలాగే ఉండిపోయిన తంతువును పక్కన పడేయాలి.

వీటికి తోడు రోగి చెప్పేది కొలిచే పత్రం ఒకటైనా ఉండాలి. చేయి, భుజం ఇబ్బందులు అడిగే డాష్ పత్రంలో 30 ప్రశ్నలు, కనీసం 27కు జవాబు లేకపోతే స్కోరు వేయకూడదు. సీఓపీఎం అనే మరో పత్రంలో రోగి తనకు ముఖ్యమైన పనులకు 1 నుంచి 10 దాకా మార్కులు ఇస్తాడు. 2 మార్కుల మార్పు వస్తే లెక్కలోకి తీసుకోవచ్చు. నాకు సీఓపీఎం ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే గుండీ పెట్టుకోవడం, పిల్లను ఎత్తుకోవడం లాంటివి రోగి నోటి నుంచే వస్తాయి. మన వృత్తి మొదలయ్యేది అక్కడే.

స్ప్లింట్ల దగ్గరే ఎక్కువ కాలం పట్టింది, పట్టాలి కూడా. వర్క్‌షాప్ ఎంచుకునేటప్పుడు నేను అడిగినవి రెండు: ఒక్కో బోధకుడికి ఎంతమంది, ఒక్కొక్కరు సొంతంగా ఎన్ని స్ప్లింట్లు చేసి ఇంటికి తీసుకెళ్తారు. డెమో చూపించి పంపేసే వర్క్‌షాప్ వల్ల చేయి తిరగదు.

తక్కువ వేడితో మెత్తబడే థర్మోప్లాస్టిక్ షీట్లు సాధారణంగా 65 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో మెత్తబడతాయి. కచ్చితమైన అంకె కంపెనీ షీటు మీదే ఉంటుంది. మణికట్టు, ముంజేయి స్ప్లింట్లకు 3.2 మిల్లీమీటర్ల మందం, చిన్న చేతులకు 2.4, వేళ్లకు 1.6 సరిపోతాయి. పలుచని షీటు క్షణాల్లో గట్టిపడుతుంది కాబట్టి వేలి స్ప్లింటు చిన్నదే అయినా తేలిక కాదు. నీళ్లతొట్టి అడుగున వల వేయకపోతే షీటు అంటుకుని, తీసేటప్పుడు సాగిపోతుంది.

మణికట్టును 20 నుంచి 30 డిగ్రీలు వెనక్కి ఉంచే అరచేతివైపు స్ప్లింటునే తీసుకుందాం. ముందు కాగితం మీద ప్యాటర్న్. నొప్పిగా ఉన్న చేతిని చదునుగా పెట్టమని ఒత్తిడి చేయకుండా రెండో చేతితో గీసి తిప్పుకోవాలి. పొడవు ముంజేతిలో మూడింట రెండు వంతులు, వెడల్పు చుట్టుకొలతలో సగం. పొడవు తగ్గితే మీట చిన్నదై, చేతి బరువంతా ముంజేతి మీద ఒక్క అంచులో పడి అక్కడ కోసుకుపోతుంది. ముందరి అంచు అరచేతిలో వేళ్లకు దగ్గరగా ఉన్న అడ్డగీతకు ఇవతలే ఆగాలి, అదీ ఏటవాలుగా, చిటికెనవేలివైపు దిగుతూ ఉండాలి. నేరుగా కోస్తే ఉంగరపు వేలు, చిటికెనవేలు పూర్తిగా మడవవు. బొటనవేలి ఉబ్బు చుట్టూ గీతను వదిలేయాలి. షీటు కోయకముందే కాగితాన్ని రోగి చేతికి పెట్టి సరిచూసుకోవాలి. కాగితం చవక, షీటు కాదు.

షీటును ముందు పెద్ద ముక్కగా కోసి, వేడి చేసి, మెత్తగా ఉండగానే కత్తెరతో అసలు ఆకారం కోస్తే అంచులు నున్నగా వస్తాయి. నీళ్లు తుడిచి, నా ముంజేతి మీద వేడి చూసుకుని, అప్పుడే రోగికి పెట్టాలి. స్పర్శ పోయిన చేతికి ఇది తప్పించకూడని మెట్టు. ముంజేయి వెల్లకిలా పెట్టిస్తే గురుత్వాకర్షణే షీటును దింపుతుంది. వేళ్ల కొసలతో నొక్కితే ఆ గుంటలే రేపు పుండ్లు పడే చోట్లవుతాయి. అరచేతితో నిమరాలి, గట్టిపడేదాకా కదలకూడదు. రోగి మాటల్లో పడి మణికట్టును కొద్దిగా పక్కకు వాల్చేస్తాడు, కాబట్టి కోణాన్ని ఆఖరి క్షణం దాకా గమనిస్తుండాలి.

మణికట్టు పక్కనున్న ఎముక బొడిపెల దగ్గర మెత్త పెట్టాలంటే షీటు మలచకముందే చర్మం మీద పెట్టి, దాని మీద మలచాలి. గట్టిపడ్డాక లోపల మెత్త అంటిస్తే అది చోటు ఆక్రమించి ఒత్తిడి ఇంకా పెంచుతుంది. పైఅంచును కొద్దిగా బయటికి వంచాలి, మూలలు గుండ్రం చేయాలి. పట్టీలు వెడల్పుగా ఉంటే ఒత్తిడి పంచుకుంటుంది. వెల్క్రో ఊడిపోతుందనే ఫిర్యాదుకు కారణం చాలాసార్లు షీటు మీది పూత: ఆ చోట గీకి, హీట్‌గన్‌తో వేడిచేసి అంటించాలి. తర్వాత రోగిని 20, 30 నిమిషాలు అక్కడే కూర్చోబెట్టి, విప్పి చూడాలి. ఎర్రదనం 20 నిమిషాల్లో పోకపోతే స్ప్లింటు సరిచేయకుండా పంపకూడదు. ఎండలో ఆగిన కారులో వదిలేస్తే ఆకారం పోతుందని రాసి ఇవ్వాలి, నోటిమాట గుర్తుండదు.

చిన్న స్ప్లింటు ఎంత కఠినంగా ఉంటుందో మాలెట్ ఫింగర్ (వేలి చివరి కీలును చాచే టెండన్ దెబ్బతిని కొస వాలిపోవడం) చెబుతుంది. వేలి చివరి కీలును 6 నుంచి 8 వారాలు ఒక్క క్షణం కూడా వంగకుండా నిటారుగా ఉంచాలి. చర్మం కడుక్కునేటప్పుడు వేలు బల్లమీద ఆనించి ఉండాలి. ఒకసారి వాలిందంటే లెక్క మళ్లీ మొదటి నుంచి. మరీ వెనక్కి వంచితే పైచర్మం తెల్లబడి రక్తప్రసరణ తగ్గుతుంది. మధ్య కీలును మాత్రం వదిలేయాలి. దీన్ని రోగికి అర్థమయ్యేలా చెప్పడం అభ్యాసం చేయాల్సిన నైపుణ్యం. సూపర్‌వైజర్ ఎదుట నేను దీన్ని పదేపదే చెప్పి చూపించాను.

టెండన్ కోర్సుకు ఈ చేయి తిరిగాకే వెళ్లాలి. వేళ్లు మడిచే టెండన్లు జోన్ 2లో (అరచేతి పైభాగం నుంచి వేలి మధ్య భాగం దాకా) తెగితే రెండు టెండన్లు ఒకే సన్నని తొడుగులో ఉంటాయి కాబట్టి కదిలించకపోతే అతుక్కుంటాయి, ఎక్కువ లాగితే తెగుతాయి. నేను సర్జన్‌ను అడిగేవి: ఎన్ని పోగుల కుట్టు (తెగిన చోటును దాటే దారపు పోగులు ఎన్ని), రెండు టెండన్లూ కుట్టారా, నరం తెగిందా, టెండన్‌ను ఎముకకు ఆనించి పట్టే పట్టీలైన పుల్లీల పరిస్థితి ఏమిటి. ముందుగానే సొంతంగా కదిలించే పద్ధతికి కనీసం 4 పోగుల కుట్టు కావాలి. సాధారణంగా 3 నుంచి 5 రోజుల మధ్య మొదలుపెడతారు; మొదటి రోజుల వాపులో వేలు మడవడానికి ఎక్కువ బలం పడుతుంది. ప్రతి సెషన్‌లో ముందు నేను వేలును పూర్తిగా మడిచి కీళ్లు వదులుచేస్తాను, ఆ తర్వాతే రోగి సగం గుప్పెట దాకా సొంతంగా. చేతివెనుక స్ప్లింటు మామూలుగా 6 వారాలు, బరువులెత్తడం 12 వారాల దాకా వద్దు. రాత్రిళ్లు వేళ్లను స్ప్లింటు పైకప్పుకు పట్టీతో నిటారుగా కట్టకపోతే మధ్య కీలు వంగి బిగుసుకుంటుంది, అది తర్వాత తీయడం చాలా కష్టం. టెండన్ తెగే ప్రమాదం నొప్పి తగ్గి రోగికి ధైర్యం వచ్చాక ఎక్కువ. టప్‌మన్నా, వేలు హఠాత్తుగా మడవకపోయినా అదే రోజు ఫోన్ చేయాలని మొదటి సెషన్‌లోనే చెప్పాలి.

రికార్డు నేను ఒక్కో అంశానికి ఒక పేజీ రాస్తాను: ఏం నేర్చుకున్నాను, పనిలో ఏం మార్చాను, ముందు వెనుక కొలతలు, ఇంకా రానిదేమిటి. రోగి పేరు, వయసు, ఊరు, తేదీలు ఏవీ ఉండవు. సర్టిఫికెట్ జతచేస్తాను గానీ అది చివరి కాగితం. “వర్క్‌షాప్‌కు హాజరయ్యాను” అని రాస్తే ఆడిట్ చేసేవారికి ఏమీ తెలియదు. “స్ప్లింటు ఇచ్చాక 20 నిమిషాల చర్మ పరీక్షను విభాగమంతా పాటించే పద్ధతిగా మార్చాం, చెక్‌లిస్టు జతచేశాను” అంటే తెలుస్తుంది. వారం చివర పావుగంట కేటాయిస్తే ఇది పెద్ద భారం కాదు. కోర్సు అయిన వారంలోపు రాయని పేజీలో వివరాలు ఉండవు. సూపర్‌వైజర్‌తో జరిగిన చర్చ, జర్నల్ చదివి ఇతరులకు చెప్పినది, విద్యార్థికి నేర్పినది కూడా చాలా చోట్ల లెక్కలోకి వస్తాయి. అవి రాయకుండా వదిలేసి ఖరీదైన కోర్సుల వెంట పడాల్సిన పనిలేదు.

తర్వాతి కోర్సును కూడా ఆ పేజీల్లోని “ఇంకా రానిదేమిటి” అనే వరసే తేలుస్తుంది. నా ఫైలులో ఆ వరసలో ఎక్కువసార్లు కనిపించేది నరం కుట్టాక స్పర్శను తిరిగి నేర్పడం. మోనోఫిలమెంట్లతో తీసిన పటాలు వరసగా ఉన్నాయి, వాటిని చూసి ఏ దశలో ఏ అభ్యాసం ఇవ్వాలో ఇంకా గట్టిగా నేర్చుకోవాలి. తర్వాత వెళ్లేది ఆ శిక్షణకే.