జిల్లా పేజీ లేని పేపరు

నల్లగొండలో మాది పేపర్ ఏజెన్సీ. మా మామయ్య మొదలుపెట్టారు. ఇప్పుడు పంపకం మా ఆయన చూస్తారు, లెక్కలు నేను చూస్తాను. పేపర్లు ఎందుకు తగ్గిపోయాయని ఎవరిని అడిగినా ఫోన్ వచ్చింది కదా అంటారు. అందులో నిజం లేదని నేననను. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక చందా మానేసిన ఇళ్లు మా పుస్తకంలో వరసగా కనిపిస్తాయి. కానీ నేరమంతా ఫోన్ మీదే వేయడానికి నా మనసు ఒప్పుకోదు. పేపర్ పాఠకుడి డబ్బు మీద బతకడం ఎప్పుడో మానేసింది. చిక్కు అక్కడ మొదలైంది.

పేపర్ మీద వేసే ధరకూ దాన్ని అచ్చు వేయడానికి అయ్యే ఖర్చుకూ పొంతన ఉండదని ఏజెన్సీ నడిపే ఎవరికైనా తెలుసు. మా కమిషన్, వ్యాను ఖర్చు పోగా సంస్థకు చేరే డబ్బుతో ఆ కాపీ తయారు కాదు. మిగతాదంతా ప్రకటనలే మోయాలి. పైగా పాత పేపర్లు కిలోల లెక్కన అమ్మితే చందాలో కొంత వెనక్కి వస్తుంది. అలా పేపర్ అంటే దాదాపు ఉచితంగా దొరికే వస్తువన్న భావన ఇళ్లలో స్థిరపడిపోయింది. ఈరోజుకీ పేపరు ధర హోటల్లో తాగే ఒక చాయ్ ధరను దాటలేదు. అయినా అర్ధరూపాయి పెరిగిన నెలలో మాకు వచ్చే ఫోన్లకు జవాబు చెప్పలేక అలసిపోతాం.

కాగితం సంగతి చాలామంది పట్టించుకోరు. మన దేశంలో వాడే న్యూస్‌ప్రింట్‌లో సగానికి పైగా విదేశాల నుంచి రావాల్సిందే. 2019 బడ్జెట్‌లో దాని మీద 10 శాతం సుంకం వేశారు, మరుసటి ఏడాది 5 శాతానికి తగ్గించారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా నుంచి రావాల్సిన సరుకు చిక్కుల్లో పడింది, ధరలు మండిపోయాయి. ఆ సంగతి మాకు వార్తల కంటే ముందు బండిల్ ఎత్తినప్పుడే తెలిసింది. కాపీల సంఖ్య అంతే, కట్ట మాత్రం తేలిక. పేజీలు తగ్గించారు.

ప్రకటనలైనా నిలిచాయా అంటే, అవీ ఒక్కొక్కటే జారిపోయాయి. ఒకప్పుడు పదో తరగతి ఫలితాల రోజున మా షాపు ముందు తెల్లవారకముందే పిల్లలు, తండ్రులు నిలబడేవారు. హాల్‌టికెట్ నంబర్లు చిన్న అక్షరాల్లో పేజీల కొద్దీ వచ్చేవి, వేలు పెట్టి వెతుక్కునేవారు. ఇప్పుడు ఫలితం నేరుగా ఫోన్‌లోకి వస్తుంది. ఉద్యోగ ప్రకటనలు, సినిమా హాళ్ల వేళలు, ఇల్లు అద్దెకు, ప్లాట్లు అమ్మకానికి, మిర్యాలగూడ వడ్ల ధర, మన బత్తాయి రేటు అన్నీ అదే దారి పట్టాయి. ఇవి పోవడంలో పాఠకుడికి నష్టమేమీ లేదు, త్వరగానే తెలుస్తున్నాయి. కానీ ఆ చిన్న ప్రకటనల డబ్బుతోనే మారుమూల మండలంలో ఒక విలేకరి తిరిగేవాడు. ఆ డబ్బు ఇప్పుడు గూగుల్‌కు, ఫేస్‌బుక్‌కు పోతోంది. వాటికి మా జిల్లా మర్రిగూడ మండలంలో విలేకరి లేడు.

నా బాధంతా ఆ విలేకరి గురించే.

మండల విలేకరికి జీతం ఉండదు. అచ్చయిన వార్త కొలతను బట్టి ఇచ్చే లైన్ అకౌంట్ పెట్రోలుకు కూడా సరిపోదు. అలాంటి మనిషికే ఆగస్టు 15కూ, జనవరి 26కూ, సంక్రాంతికీ ఇంత ప్రకటన తేవాలని లక్ష్యం పెట్టారు. ఎవరిని అడగాలి? సర్పంచిని, కాంట్రాక్టరును, ప్రైవేటు కాలేజీ యజమానిని, రేషన్ డీలరును. ఎవరి గురించి రాయాలో వారి దగ్గరికే చేయి చాపి వెళ్లాలి. మా షాపులో కూర్చుని ఆ కష్టం చెప్పుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. చెరువు కట్ట పనిలో ఎంత నాసిరకం సిమెంటు వాడారో వాళ్లకు అంగుళం అంగుళం తెలుసు. రాయలేకపోయారు. ఊరివాళ్లకు మాత్రం తెలియదా? తమకు తెలిసిన సంగతి పేపర్లో లేనప్పుడు, శుభాకాంక్షల ఫోటోలతోనే పేజీ నిండినప్పుడు, ఆ ఊళ్లో చందాలు తెగుతాయి. దానికి తోడు ఏ పేపర్ ఏ పార్టీదో చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. ఒక్క నిజం తెలియాలంటే మూడు పేపర్లు చదవాలని విసుక్కుని, చివరికి మూడూ మానేసిన పెద్దమనుషులు మా ఖాతాదారుల్లోనే ఉన్నారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. కాగితం మీద వైరస్ ఉంటుందన్న భయంతో అపార్ట్‌మెంట్ల గేట్లు మా కుర్రాళ్లకు మూసేశారు. ఆ రోజుల్లోనే జిల్లాల పేరిట విడిగా వచ్చే చిన్న సైజు పేపరు ఆగిపోయి, ప్రధాన పేపర్లో రెండు మూడు పేజీలకు కుదించుకుపోయింది. వైరస్ భయం పోయాక కూడా చాలా ఇళ్లు తిరిగి రాలేదు. వచ్చినవాళ్లు అడిగిన మొదటి మాట, "అమ్మా, మన జిల్లా పేపర్ ఏదీ?"

నల్లగొండకు ఆ పేజీలు ఎంత అవసరమో ఈ జిల్లా నీళ్లు తాగి పెరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన పిల్లల ఫోటోలు, పళ్లు గారపట్టిన బడి పిల్లల ముఖాలు ఏళ్ల తరబడి జిల్లా పేజీల్లో వచ్చాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, మంచి నీళ్ల కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపుతో జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేస్తే ఇక్కడ 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం కాస్తా పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. అప్పుడు దేశమంతా నల్లగొండ వైపు చూసింది, దూరం నుంచి విలేకరులు వచ్చి వెళ్లారు. వాళ్లు రాకముందూ వెళ్లాకా అదే సంగతిని వదలకుండా రాసింది మన మండల విలేకరులే. కృష్ణా నీళ్లు ఊళ్లకు రావడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఆ రాతలు కూడా ఒకటని నేను గట్టిగా నమ్ముతాను.

అసలు ఈ నేలకు పత్రిక కొత్త కాదు. తెలుగులో మాట్లాడటమే చిన్నచూపుకు గురైన నిజాం కాలంలో, 1922లోనే షబ్నవీసు వేంకట రామనరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిపారు. నాలుగేళ్లకు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాద్‌లో గోల్కొండ పత్రిక పెట్టారు. అప్పట్లో చదువొచ్చినవాళ్లు ఎంతమంది? రోడ్లు ఎన్ని? చేతిలో ఏమీ లేని రోజుల్లో జిల్లా కేంద్రం నుంచి పత్రిక తేగలిగారు. అన్నీ ఉన్న ఈ రోజుల్లో మండలానికి ఒక మనిషిని పెట్టుకోలేకపోవడం నాకు మింగుడుపడదు.

పేపర్ మీద జనానికి నమ్మకం పోయిందని కూడా అంటారు. నేను ఒప్పుకోను. ఎన్నికలు రాగానే ఫోన్లలో తిరిగే అబద్ధాలను చూడండి. పేపర్ పేరు, అదే అక్షరాల తీరు, అదే కాలమ్‌ల అమరిక, పైన తేదీ, అన్నీ పెట్టి నకిలీ క్లిప్పింగు తయారు చేస్తారు. అబద్ధం చెప్పేవాడికి కూడా పేపర్ వేషమే కావాల్సి వస్తోంది. అచ్చులో వచ్చిందంటే ఎవరో ఒకరు చూసి, దిద్ది, బాధ్యత తీసుకుని వేశారన్న నమ్మకం మన మనసుల్లో ఇంకా ఉంది.

పొద్దున్నే గ్రూపుల్లో పేపర్ పీడీఎఫ్ పంపించే మిత్రులకు ఒక మాట. మీరు చదువుతున్నందుకు నాకు సంతోషమే. కానీ ఆ పేజీ తయారు చేసిన వాళ్లలో ఎవరికీ దాని వల్ల ఒక్క పైసా చేరదు. కాగితం వద్దనుకుంటే డబ్బు కట్టి ఈ-పేపర్ చందా తీసుకోండి, మా కమిషన్ పోయినా నాకు బాధ లేదు.

మొన్న ఒక పత్రిక సర్క్యులేషన్ అధికారి వచ్చి చందాలు పెంచాలని అడిగారు. నేను ఆయనకు చెప్పాను: "సార్, రెండు రూపాయలు పెంచండి, పెంచిన డబ్బుతో జిల్లా పేజీలు తిరిగివ్వండి. మర్రిగూడలో, నాంపల్లిలో, చందంపేటలో ప్రకటనల లక్ష్యం లేకుండా, నెలకు ఇంత అని జీతం ఇచ్చి విలేకరిని పెట్టండి. ఇంటింటికీ తిరిగి చందాలు నేను కట్టిస్తాను." ఆయన రాసుకుని వెళ్లారు. ఆ మూడు మండలాల్లో పాత చందాదారుల జాబితా నేను సిద్ధం చేసి ఉంచాను. పదిహేను రోజులకోసారి ఆయనకు ఫోన్ చేస్తూనే ఉన్నాను.