మండువా ఇంట్లో అతిథులు

కోనసీమలోని రాజోలు దగ్గర, నడుమ పైకప్పు లేని మండువా, దాని చుట్టూ గదులు ఉన్న మా మామగారి కాలం నాటి ఇంట్లో మూడు గదులను అతిథులకు ఇస్తున్నామని చెప్పగానే, వినేవారు అడిగే మొదటి ప్రశ్న "మరి మీరెక్కడ ఉంటారు?" అని. మేమూ అందులోనే ఉంటాం. కేంద్ర పర్యాటక శాఖవారి బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం కూడా యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే నివసించాలని, ఇచ్చే గదులు ఆరుకు మించరాదని చెబుతుంది. ఈ పనిలోని ఆనందమూ అవస్థా ఆ ఒక్క నిబంధనలోనే ఉన్నాయని నా అభిప్రాయం.

పాలకొల్లులో రైలు దిగి, చించినాడ వంతెన మీదుగా గోదావరి పాయ వశిష్ఠను దాటి వచ్చేవారిలో చాలామంది పొట్టిక్కల కోసం అడుగుతారు. పనస ఆకులను ఈనె పుల్లలతో బుట్టల్లా కుట్టి, వాటిలో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి ఉడికిస్తే, ఆకు వాసన పిండికి పట్టి ఆ రుచి వస్తుంది. అందుకు మధ్యాహ్నమే పప్పు నానబోసి, సాయంత్రానికి రుబ్బి, రాత్రి భోజనాలయ్యాక బుట్టలు కుట్టాలి. అంతా అయ్యాక, పడుకునే వేళకు, రావలసినవారు గది రద్దు చేసుకున్నట్లు ఫోన్‌కు సందేశం వస్తుంది. అలాంటి మరునాడు మా వీధిలో సగం ఇళ్లకు ఫలహారం మా ఇంటి నుంచే వెళుతుంది.

మొదట్లో ఈ ఆలోచనకు మా అత్తగారు అసలు ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చినవారికి గది అద్దెకివ్వడం ఆవిడకు ఫరవాలేదు గానీ, "అన్నం అమ్ముకుంటామా?" అన్న మాట దగ్గర ఆగిపోయారు. డబ్బంతా ముందే ఆన్‌లైన్‌లో జమ అయ్యేలా మావారు ఏర్పాటు చేశాక, గుమ్మం దగ్గర ఎవరి చేతినుంచీ నోటు తీసుకోవలసిన పని లేకపోవడంతో ఆవిడ మెత్తబడ్డారు. ఇప్పుడు హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలను ముందు కూర్చోబెట్టుకొని బుట్ట కుట్టడం నేర్పేది ఆవిడే. బ్రెడ్ ఆమ్లెట్ అడిగినవారికి అదీ చేసి పెడతాం, ఆవిడ మాత్రం ఆ పళ్లెం వైపు చూడరు.

మండువాలో వాన పడుతుంటే వసారాలో కూర్చొని చూడడానికే వర్షాకాలంలో వచ్చేవారున్నారు. ఆ వాననీరు పోయే తూము కొబ్బరి పీచుతో పూడుకుపోకుండా చూడడం, కదిలిన పెంకులు సర్దించడం మా వంతు. స్నానాల గదులు పూర్వం పెరట్లో ఉండేవి గనుక, ప్రతి గదికీ ఒకటి కట్టించడానికే ఎక్కువ ఖర్చయింది. అన్నిటికన్నా కష్టమైనది గోడలు పైకప్పు దాకా లేకపోవడం. ఒక గదిలో పసిబిడ్డ ఏడిస్తే ఇల్లంతా లేస్తుంది. మేమిద్దరం వాదించుకోవాలన్నా కొబ్బరితోటలోకి వెళ్లవలసిందే.

విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు బస చేస్తే, 24 గంటల్లోగా వారి వివరాలను ఆన్‌లైన్‌లో అధికారులకు తెలియజేయాలి. ఫ్రెంచివారో జర్మన్లో అయితే చిరునవ్వుతో పాస్‌పోర్టు చేతికిస్తారు. ఈ ప్రాంతంలోనే పుట్టి పెరిగి అమెరికా పౌరసత్వం తీసుకున్న పెద్దమనిషిని అడిగితే మాత్రం, "నన్ను విదేశీయుడంటావా అమ్మా?" అని నొచ్చుకుంటారు. ఆ నొప్పి న్యాయమైనదే, నిబంధనా తప్పదు. పులస సంగతీ అంతే. సముద్రం నుంచి ఆ చేప గోదావరిలోకి ఎదురీదేది వరదల కాలంలో. జనవరిలో పులస పులుసు కావాలనేవారికి లేదని చెప్పడమే మర్యాద, వేరే చేపను ఆ పేరుతో వడ్డించడం నావల్ల కాదు.

మాకు గిరాకీ హెచ్చుగా ఉండేది సంక్రాంతికి. కనుమనాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం (వెదురుతో కట్టి అలంకరించిన ప్రభలను ఊళ్ల నుంచి భుజాల మీద మోసుకొచ్చే జాతర) 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటంగా ఢిల్లీ వీధిలో కనిపించాక, దాని గురించి ఆరా తీసేవారు ఇంకా పెరిగారు. కానీ భోగి నుంచి ముక్కనుమ దాకా మా ఆడపడుచులు, అల్లుళ్లు, పిల్లలతో ఇల్లు నిండిపోతుంది గనుక బుకింగులు ఆపేస్తాం. వచ్చే పండుగకు కనీసం ఒక్క గదైనా ఇద్దామని మావారు లెక్కలు వేసి చూపిస్తున్నారు. ఆ గదిలో ఏటా పడుకునే మా పెద్ద ఆడపడుచుగారితో ఆ మాట ఎవరు చెప్పాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.