క్రోషే బొమ్మలు కొత్తగా మొదలెట్టేవాళ్ళకి, విజయవాడ నుంచి నా అనుభవం

క్రోషే బొమ్మలు, అంటే కొక్కెం ఉన్న సూదితో దారం అల్లి చేసే బొమ్మలు, చేయాలని ఉండి ఎక్కడ మొదలెట్టాలో తెలీక ఆగిపోయినవాళ్ళకి ముందే ఒక మాట చెప్పేస్తా, మొదటి బొమ్మగా టెడ్డీబేర్ పెట్టుకోకండి. ఎంత ముద్దుగా ఉన్నా సరే. టెడ్డీ అంటే తల వేరు, ఒళ్ళు వేరు, రెండు చేతులు, రెండు కాళ్ళు, రెండు చెవులు, మూతి, ఇవన్నీ విడివిడిగా అల్లి చివర్లో వంకర లేకుండా కుట్టాలి, అల్లడం కంటే ఆ కుట్టడమే కష్టం. నేను కోడిపిల్లతో మొదలెట్టా. ఒక్క ఉండ, దానికి ముక్కు, రెండు బుల్లి రెక్కలు, అంతే.

చెల్లి కూతురికి ఇంకా ఏడాది నిండలేదు, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు, దానికి ప్లాస్టిక్ బొమ్మలు కొనబుద్ధి కాలేదు నాకు. మేం ఉండేది విజయవాడ కానీ అమ్మ వైపు వాళ్ళంతా నరసాపురం. నరసాపురం అంటే లేసు అల్లికలే కదా, 2024లో జీఐ ట్యాగ్ (ఆ ప్రాంతపు సరుకు అనే ప్రభుత్వ గుర్తింపు) కూడా వచ్చింది, ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆడవాళ్ళు తరాల నుంచి సన్నదారంతో అల్లుతూనే ఉన్నారు. మా పిన్ని అయితే టీవీ చూస్తూ చేతి వైపు చూడకుండానే అల్లేస్తుంది. కంటి చెకప్ కోసం వచ్చి మా ఇంట్లో కొన్నాళ్ళు ఉంది, ఆ టైంలోనే నేను సూది పట్టా, అది నా అదృష్టం.

పిన్ని ఎప్పుడూ బొమ్మలు చేయలేదు. లేసు అంటే పల్చగా, పరిచినట్టు ఉండాలి, దాంట్లో కన్నాలే అందం. బొమ్మకి అసలు కన్నాలే కనబడకూడదు, లోపలి దూది బయటికి కనిపిస్తే బాగోదు. కానీ చెయ్యి పని ఒకటే. నన్ను చూడగానే "ఏవే, దారం అలా బిగించి పట్టుకుంటే సూది ఎలా దూరుతుందే, చిటికెనవేలికి ఒక చుట్టు చుట్టి చూపుడువేలి మీంచి వదులుగా రానీ" అంది. మరి బొమ్మకి అల్లిక బిగుతుగా ఉండాలి కదా పిన్నీ అన్నా. అయితే సన్నసూది తీసుకో, చేతిని బిగించకు అంది. ఈ ఒక్క మాట నాకు ఏ వీడియోలోనూ దొరకలేదండి. దారం లేబుల్ మీద 4 ఎంఎం సూది అని రాసుంటే బొమ్మకి 3 కానీ 2.5 కానీ వాడాలి, అప్పుడు చెయ్యి వదులుగా ఉన్నా కుట్లు దగ్గరగా పడతాయి, వేళ్ళు కూడా నొప్పి పుట్టవు.

దారం, సూదులు వన్ టౌన్‌లో కొన్నా. దారాలు, బొత్తాలు, లేసులు అమ్మే కొట్లు అక్కడ ఉంటాయి, పట్టుకుని చూసి తీసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో ఆ వీలు లేదు. సూది అడిగేటప్పుడు నంబరు కాకుండా ఎంఎం చూసుకోండి, ఎందుకంటే లేసుకి వాడే స్టీల్ సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, కన్‌ఫ్యూజ్ అవుతారు. దారం విషయంలో నా ఓటు కాటన్‌కే. మన విజయవాడ ఎండల్లో ఆక్రిలిక్ ఊలు పట్టుకుంటే చెమటకి చేతికి అతుక్కుంటుంది, కాటన్‌తో ఆ బాధ లేదు. కాటన్‌కి ఉన్న ఇబ్బంది ఏంటంటే సూది పోగుల మధ్యలోకి దూరి దారం చీలుతూ ఉంటుంది, కాస్త నిదానంగా వెళ్ళాలి. లేత రంగే తీసుకోండి. నలుపు, నేవీ బ్లూ అయితే కుట్టు ఎక్కడుందో కనబడదు. వెల్వెట్ లాంటి మెత్తటి దారం కూడా ఇప్పుడే వద్దు, దాంట్లో కుట్లు కంటికి కనబడవు, వేలితో తడుముకుంటూ అల్లాలి. నేను లేత పసుపు 50 గ్రాముల ఉండ తీసుకున్నా, కోడిపిల్లకి అందులో సగం కూడా పట్టలేదు.

ఇప్పుడు అసలు అల్లిక. మొత్తం బొమ్మంతా ఒకే కుట్టు, సింగిల్ క్రోషే, అంటే సూదిని కుట్టులోకి దూర్చి దారం లాగి, మళ్ళీ దారం పట్టి సూది మీదున్న రెండు పోగుల్లోంచి లాగడం. ప్యాటర్న్ (అల్లిక సూచనలు) తీసుకునే ముందు అది అమెరికా పద్ధతా బ్రిటిష్ పద్ధతా చూసుకోండి, అమెరికావాళ్ళ సింగిల్ క్రోషేనే బ్రిటిష్ వాళ్ళు డబుల్ క్రోషే అంటారు, తేడా వస్తే బొమ్మ పొడుగ్గా, కన్నాలు కన్నాలుగా తయారవుతుంది. మొదలు మ్యాజిక్ రింగ్, అంటే దారం వేలికి చుట్టి ఆ రింగులోకి ఆరు కుట్లు వేసి దారం తోక (వదిలిన కొస) లాగితే మధ్య కన్నం మూసుకుపోతుంది. అది చేతికి రాకపోతే రెండు చైన్లు (గొలుసు కుట్లు) వేసి, సూది నుంచి రెండో చైన్‌లో ఆరు కుట్లు వేసెయ్యండి, పిన్ని నాకు నేర్పింది ఇదే. రెండో చుట్టులో ప్రతి కుట్టులో రెండేసి, 12 అవుతాయి. మూడో చుట్టులో ఒకటి మామూలుగా, తర్వాతదాంట్లో జంట, అలా 18. తర్వాత రెండు మామూలు, ఒక జంట, 24. ఇలాగే 30, 36. చుట్టుకి ఆరేసి పెరుగుతున్నంతసేపు అల్లిక బల్లపరుపుగా వస్తుంది, పెంచడం ఆపేసి 36 మీదే ఏడు చుట్లు అల్లితే దానంతటదే గిన్నె ఆకారంలోకి తిరుగుతుంది. అది చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం మామూలుది కాదు! తర్వాత రెండు కుట్లని ఒకటిగా కలిపి తగ్గించుకుంటూ వచ్చిన దారినే వెనక్కి, 30, 24, 18. ఇక్కడ ఆగి దూది కూరి, మళ్ళీ 12, 6, ఆ చివరి ఆరు కుట్లలోంచి దారం దూర్చి లాగితే మూసుకుపోతుంది.

చుట్టు ఎక్కడ మొదలైందో గుర్తు తప్పనిసరి, ఎందుకంటే ఇది స్ప్రింగులా తిరుగుతూ పోతుంది, మధ్యలో ఆపి కలపడం ఉండదు. మార్కర్లు కొనక్కర్లేదు, పిన్నీసు చాలు, ప్రతి చుట్టు మొదటి కుట్టుకి పెట్టి, చుట్టు అయ్యాక పైకి మార్చుకోవాలి. ప్రతి చుట్టు చివర లెక్కపెట్టుకోండి, ఒకటి తగ్గినా అక్కడికక్కడే విప్పి సరిచేసుకోవచ్చు. తగ్గించేటప్పుడు రెండు కుట్లలో మన వైపున్న ముందు పోగుల్లోంచి మాత్రమే సూది పోనిచ్చి కలిపితే గుబ్బలా లేవకుండా సాఫుగా ఉంటుంది. ఇంకోటి, అల్లుతుంటే గిన్నె లోపలి వైపు బయటికి తిరిగిపోతుంది, చిన్న చిన్న వి ఆకారాలు కనిపించే వైపు బయటికి ఉండేలా తిప్పుకోండి.

లోపలికి ఏం కూరాలి అంటే అమ్మ బూరుగు దూది పెట్టమంది, దిండ్లకి వాడగా మిగిలింది ఇంట్లో ఉంది. అది మెత్తగానే ఉంటుంది కానీ పసిపాప బొమ్మ అంటే మాటిమాటికీ ఉతకాలి, ఉతికితే ఉండకట్టేస్తుంది, వానాకాలంలో తొందరగా ఆరదు, వాసన పడుతుంది. అందుకే దిండ్లు, పరుపుల కొట్లో రిక్రాన్ (పాలిస్టర్ దూది) అని అడిగి తెచ్చుకున్నా. పెద్ద ముద్దగా తోసెయ్యకుండా కొంచెం కొంచెం విడదీసి అంచుల్లో ముందు నింపుకుంటూ రావాలి, గట్టిగా ఉండాలి కానీ కుట్లు సాగకూడదు.

కళ్ళ గురించి కాస్త గట్టిగానే చెప్తా. సేఫ్టీ ఐస్ అని ప్లాస్టిక్ కళ్ళు దొరుకుతాయి, పేరులో సేఫ్టీ ఉన్నా మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మకి అవి వద్దే వద్దు, ఊడి వస్తే గొంతులో అడ్డుపడతాయి. బొత్తాలు, పూసలు కూడా అంతే. నల్ల దారంతో కుట్టేయండి. నేను పై నుంచి లెక్కపెట్టి ఎనిమిదో చుట్టు దగ్గర, మధ్యలో ఆరు కుట్లు వదిలి కుట్టా. కళ్ళు కొంచెం కిందకి, దూరంగా ఉంటే పసిపిల్ల మొహంలా ముద్దొస్తుంది. ముక్కు నారింజ దారంతో అడ్డంగా నాలుగు కుట్లు. రెక్కలకి 12 వరకు అల్లిన బిళ్ళని సగానికి మడిచి పక్కన కుట్టేస్తే అయిపోయింది. కుట్టడానికి వీలుగా దారం తోక జానెడు పైనే వదలండి, కుట్టాక మిగిలింది బొమ్మ లోపలికి దూర్చి కత్తిరించాలి.

పాప చేతికి ఇచ్చే ముందు కళ్ళు, రెక్కలు బలంగా లాగి చూసి, సబ్బునీళ్ళలో పిండి నీడలో ఆరేశా. మన ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది.

దీని తర్వాత తిమింగలం చేయండి, అదే ఉండకి తోక పెట్టడమే. తర్వాత తాబేలు, ఆ తర్వాత ఏనుగు, టెడ్డీ అప్పుడు. నేనిప్పుడు ఏనుగు దగ్గరున్నా. తొండంలోకి దూది వేలితో పోదు, పెన్సిల్ వెనక వైపుతో తోయండి, చివరి వరకు కాకుండా సగం వరకే నింపితే తొండాన్ని పైకి వంచి కుట్టుకోవడానికి వీలుంటుంది.