మాట్లాడుకోవడానికే ఒక యాప్

చాట్ యాప్ తెరవగానే నాకు కావలసిన మనిషి పేరు కనబడాలి. నేను వాడుతున్నదాంట్లో ముందు స్టేటస్‌లు, ఛానెళ్లు, కొత్త స్టిక్కర్లు, ఎవరెవరివో వీడియోలు వచ్చి పడేవి. ఒక్క ముక్క చెబుదామని తెరిచి, అది చెప్పకుండానే మూసేసేదాన్ని. విసుగెత్తిపోయి వేరేది వెతకడం మొదలుపెట్టాను.

2005లో వచ్చిన గూగుల్ టాక్ అంటే నాకు ప్రాణం. సన్నటి విండో, అందులో పేర్లు, ఎవరు ఆన్‌లైన్‌లో ఉన్నారో చెప్పే చిన్న చుక్క. దాని వెనకున్న ప్రోటోకాల్, అంటే మెసేజ్‌లు ఎలా వెళ్లాలో చెప్పే నియమాల పద్ధతి, ఎక్స్‌ఎంపీపీ. 1999లో జాబర్ పేరుతో బయటికొచ్చింది. గూగుల్ టాక్ పోయినా అది మాత్రం నిక్షేపంగా ఉంది. ఈమెయిల్‌లాగే ఒక సర్వర్‌లో ఖాతా ఉంటే వేరే సర్వర్‌లో ఉన్నవాళ్లతోనూ మాట్లాడొచ్చు.

అందులో ఖాతా తెరవడం చిటికెలో పని. సర్వర్ ఎంచుకునేటప్పుడే ఓపిక కావాలి. ఎవరు నడుపుతున్నారు, పాత మెసేజ్‌లు ఎన్నాళ్లు ఉంచుతారు, ఎంత పెద్ద ఫైలు పంపనిస్తారు, ఇవన్నీ చదివాకే చేరాను. దాంతో పనిచేసే యాప్‌లలో ఫోన్‌లో కాన్వర్సేషన్స్, కంప్యూటర్‌లో గాజిమ్ పెట్టుకున్నాను.

తర్వాత తమ్ముణ్ణి పట్టుకున్నాను. "అందరూ అక్కడుంటే నువ్వొక్కదానివే ఇక్కడేం చేస్తావక్కా?" అన్నాడు. అయినా నా మాట కాదనలేక వచ్చాడు. మెసేజ్‌లు మూడోవాళ్లు చదవకుండా ఉండేందుకు ఓమెమో అనే ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. అవతలున్నది వాడి ఫోనేనని తేల్చుకోవాలంటే ఫింగర్‌ప్రింట్ సరిచూడాలి. ఇది వేలిముద్ర కాదు, ఆ ఫోన్‌కి గుర్తుగా ఉండే అక్షరాలు, అంకెల వరుస. పక్కపక్కనే ఉంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సరిపోయేది. మేం దూరంగా ఉన్నాం కాబట్టి వాడు కాల్‌లో ఒక్కో అక్షరం, ఒక్కో అంకె చదువుతుంటే నేను నా స్క్రీన్‌తో పోల్చుకుంటూ పోయాను. మొత్తం 64. మధ్యలో 'బి' అన్నాడో 'డి' అన్నాడో తెలియక ఆ వరుస మళ్లీ చదివించాను. నాకైతే ఆ పని ఎంతో నచ్చింది. మా ఇద్దరి మాటలకు కాపలా ఎక్కడుందో కళ్లారా చూసినట్టయింది.

ఇప్పుడు తెరిస్తే పేర్లు, వాటి కింద చివరి మెసేజ్, అంతే. ఫోన్ మోగిందంటే నాకోసం ఎవరో ఏదో రాశారన్నమాట.

అందరూ రాలేదు. ఆఫీసు గ్రూపు పాత యాప్‌లోనే ఉంది కాబట్టి దాన్ని తీసెయ్యలేదు, నోటిఫికేషన్లు మాత్రం ఆపేశాను. తమ్ముడు వాళ్లావిడకీ ఖాతా తెరిచిపెట్టాడు, ఈసారి ఫింగర్‌ప్రింట్ చదవాల్సింది మరదలే.