యాసిడ్ పేరు చూసి హీట్ ఎక్స్ఛేంజర్ కొనొద్దు

“30 శాతం హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్), గంటకు 2 టన్నులు, 60 డిగ్రీల నుంచి 40కి చల్లార్చాలి.” హీట్ ఎక్స్ఛేంజర్ (ఒక ద్రవం వేడిని గోడ గుండా ఇంకోదానికి చేర్చే పరికరం) కోసం ఎంక్వైరీలో ఇంతే రాసి పంపినా కొటేషన్లు వచ్చేస్తాయి. అన్నిట్లోనూ మెటీరియల్ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. ట్యూబులు పదేళ్లు ఉంటాయా, పది వారాల్లో జల్లెడవుతాయా అన్నది మాత్రం ఆ కాగితం మీద లేని వాటిని బట్టి ఉంటుంది. యాసిడ్‌లో ఇనుము ఎంత, ఫ్లోరైడ్ ఎంత, గాలి కరిగి ఉందా, ట్యూబు గోడ దగ్గర వేడి ఎంత, ప్లాంటు ఆగినప్పుడు లోపల ఏం నిలవుంటుంది?

ముందు ఇనుము సంగతి. నికెల్-మాలిబ్డినం మిశ్రలోహం హేస్టెలాయ్ బీ-3 స్వచ్ఛమైన హెచ్‌సీఎల్‌ని మరిగే వేడి దాకా బాగానే తట్టుకుంటుంది. అదే యాసిడ్ ఎక్కడో స్టీలు పైపుని తినేసి ఫెర్రిక్ ఇనుముని (యాసిడ్‌లో కరిగి, ఆక్సీకరణ చేసే రూపంలో ఉన్న ఇనుము) వెంటబెట్టుకొస్తే బీ-3 చకచకా కరిగిపోతుంది. టైటానియంది సరిగ్గా దీనికి తలకిందులు. పలచటి హెచ్‌సీఎల్‌లో దాని ఆక్సైడ్ పొర సొంతంగా నిలవదు, కాస్త ఫెర్రిక్ ఉంటే నిలుస్తుంది. అందుకే రికవరీ యాసిడ్ (ఒకసారి వాడాక తిరిగి రాబట్టినది) వాడేవాళ్లు ల్యాబ్ రిపోర్టులో శాతం ఒక్కటే చూసి ఊరుకోకూడదు. ఫ్లోరైడ్ కలిసిందా, టైటానియం, టాంటాలం, గ్లాస్ లైనింగ్ మూడింటికీ ముప్పే. గ్రాఫైట్, సిలికాన్ కార్బైడ్ నిలుస్తాయి. అన్నట్టు, తడి క్లోరిన్‌కి టైటానియం చక్కగా పనికొస్తుంది కదా అని పొడి క్లోరిన్‌కి పెడితే మంటే అంటుకుంటుంది.

తుప్పు చార్టు (ఏ లోహం ఏ వేడి దగ్గర ఎంత తుప్పు పడుతుందో చూపే పట్టిక) చూసేటప్పుడు దాదాపు అందరూ ద్రవం ఉష్ణోగ్రత దగ్గర గీత గీస్తారు. తుప్పు పట్టేది ద్రవానికి కాదు, గోడకి. 80 డిగ్రీల ద్రవాన్ని 3 బార్ గేజి ఆవిరితో వేడి చేస్తుంటే ఆవిరి దాదాపు 144 డిగ్రీల మీద ఉంటుంది. గోడ ఆ రెంటి మధ్యలో ఎక్కడో ఉంటుంది, మామూలుగా ఆవిరి వైపే మొగ్గుతుంది. కాబట్టి చార్టులో 80 కాదు, 120-130 దగ్గర చూడాలి. ఒక్కోసారి ఖరీదైన లోహానికి వెళ్లేకంటే ఆవిరి ప్రెషర్ తగ్గించి, ఏరియా కాస్త పెంచుకోవడమే చవక.

ఇప్పుడు మొదటి లెక్క. 30 శాతం హెచ్‌సీఎల్ విశిష్టోష్ణం సుమారు 2.5 కిలోజౌల్స్ (కిలోకి, డిగ్రీకి) అనుకుంటే లోడు, అంటే తీసేయాల్సిన వేడి, దాదాపు 28 కిలోవాట్లు. నీళ్లు 32 నుంచి 37కి పోతే ఎల్‌ఎంటీడీ (రెండు ద్రవాల మధ్య సగటు వేడి తేడా) 14.2 డిగ్రీలు. గ్రాఫైట్ బ్లాక్‌లో యూ విలువ (చదరపు మీటరుకి, ఒక డిగ్రీ తేడాకి ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే అంకె) 1000 వస్తే 2 చదరపు మీటర్లు సరిపోతుంది. అదే పని అర మిల్లీమీటరు గోడ ఉన్న పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ ప్లాస్టిక్) ట్యూబులతో చేయాలంటే గోడే అడ్డం. దాని ఉష్ణవాహకత 0.25 కాబట్టి గోడ నిరోధం ఒక్కటే 0.002, మిగతావన్నీ కలిపి 0.001. యూ 333కి పడిపోతుంది, ఏరియా 6 చదరపు మీటర్లకు చేరుతుంది. పీటీఎఫ్ఈకి తుప్పు బాధ లేదు, నిజమే. కానీ వేడి పెరిగేకొద్దీ ప్రెషర్ మోయలేదు, పైగా హెచ్‌సీఎల్ లాంటి ఆవిరులు గోడలోంచి మెల్లగా అవతలికి ఇంకుతాయి. అవతల ఉన్నది స్టీలు షెల్ అయితే దానికీ తుప్పు మొదలవుతుంది.

గ్రాఫైట్ అంటే ఫినాలిక్ రెసిన్ ఎక్కించిన గ్రాఫైట్ అని అర్థం. నైట్రిక్ యాసిడ్, బ్రోమిన్, గాఢ సల్ఫ్యూరిక్ దాన్ని తింటాయి, వేడి కాస్టిక్ (సోడియం హైడ్రాక్సైడ్) రెసిన్‌ని తీసేస్తుంది. రసాయనంతో పోయే బ్లాకుల కంటే పగిలిపోయేవే ఎక్కువని నా లెక్క. కండెన్సేట్ నిలిచిన లైన్లోకి ఆవిరి ఒక్కసారిగా వదిలితే వాటర్ హ్యామర్ దెబ్బకి బ్లాకు చీలుతుంది. స్టీమ్ ట్రాప్ (ఆవిరిని ఆపి కండెన్సేట్ నీళ్లని మాత్రమే వదిలే వాల్వు) సరిగ్గా పెట్టండి, వాల్వు మెల్లగా తెరవండి. పైపుల బరువు నాజిల్ మీద పడకుండా పీటీఎఫ్ఈ బెలోస్ (ముడతలున్న, వంగే జాయింటు) వేయండి. బోల్టులు టార్క్ రెంచితో ఎదురెదురుగా, మూడు నాలుగు విడతల్లో బిగించండి.

యాసిడ్ వైపు ఇంత జాగ్రత్త పడి, చివరికి నీళ్ల వైపు నుంచి దెబ్బ తినేవాళ్లు చాలామంది. 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన నిలువు కండెన్సర్ తీసుకోండి. షెల్‌లో కూలింగ్ వాటర్. నీళ్లు బయటికెళ్లే నాజిల్ పై ట్యూబ్‌షీట్‌కి (ట్యూబుల చివరలు బిగించిన మందపాటి పలక) కొన్ని అంగుళాల కిందే ఉంటుంది కాబట్టి ఆ సందులో గాలి చిక్కుకుంటుంది. లోపల వేడి ఆవిరి, బయట నీళ్ల తుంపర పడి ఆరి, మళ్లీ పడి ఆరి, 100 పీపీఎం క్లోరైడు కాస్తా ఆ చోట ఉప్పు పొరగా పేరుకుంటుంది. లోహం 60 డిగ్రీలు దాటి ఉందంటే స్ట్రెస్ కొరోజన్ పగుళ్లకి (లోహంలోని ఒత్తిడి, తుప్పు కలిసి తెచ్చే పగుళ్లు) కావలసినవన్నీ సమకూరినట్టే. పగుళ్లు ట్యూబ్‌షీట్‌కి సరిగ్గా కింద గుంపుగా కనిపిస్తే కారణం ఇదేనేమో ముందు చూడండి. మందు సులువే: ట్యూబ్‌షీట్‌లోంచి వెంట్ రంధ్రం తీసి గాలి పోయే దారి ఇవ్వడం. డ్రాయింగ్ దశలో అడిగితే పెద్ద పని కాదు. వెంట్ కుదరని చోట డూప్లెక్స్ 2205 (ఈ పగుళ్లని మెరుగ్గా తట్టుకునే స్టెయిన్‌లెస్ రకం) ట్యూబులకి వెళ్లాలి.

ప్లేట్ ఎక్స్ఛేంజర్ అయితే తుప్పు రేటుని వేరే కళ్లతో చూడాలి. ఏడాదికి 0.1 మిల్లీమీటరు పోతుందంటే 2 మిల్లీమీటర్ల ట్యూబు పదేళ్లకి సగం మిగులుతుంది. 0.6 మిల్లీమీటర్ల ప్లేటు ఆరేళ్లకి పూర్తిగా పోతుంది, అసలు అంతకంటే ముందే ప్రెషర్‌కి చిల్లు పడుతుంది. పైగా గ్యాస్కెట్ గాడిలో ద్రవం కదలకుండా నిలిచి క్రెవిస్ తుప్పు (ఇరుకు సందుల్లో పట్టే తుప్పు) మొదలవుతుంది. గ్యాస్కెట్ కూడా ద్రవాన్ని బట్టే: ఈపీడీఎం రబ్బరు నూనెలకి పనికిరాదు, మామూలు వైటాన్ రబ్బరు వేడి కాస్టిక్‌కీ, అసిటోన్ లాంటి కీటోన్లకీ పనికిరాదు.

స్కేలు (గోడకి పేరుకున్న గార) తీయడానికి స్టెయిన్‌లెస్ ప్లేట్లలోకి హెచ్‌సీఎల్ పోయడం కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. సల్ఫామిక్ లేదా సిట్రిక్ వాడండి. హైడ్రోటెస్ట్ (నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చేసే పరీక్ష) నీళ్లలో క్లోరైడ్ 50 పీపీఎం దాటనివ్వకండి. టెస్ట్ అయిన వెంటనే ఖాళీ చేసి ఆరబెట్టాలి.

98 శాతం సల్ఫ్యూరిక్ కూలర్‌లో నీళ్ల ప్రెషర్ ఎక్కువుంటే చిన్న లీకు చిన్నదిగా ఉండదు. లోపలికెళ్లిన నీళ్లు యాసిడ్‌ని పలచన చేస్తాయి, వేడి పుట్టిస్తాయి, ఆ రెండూ కలిసి చిల్లుని పెద్దది చేస్తాయి. యాసిడ్ ప్రెషర్ ఎక్కువుంటే అది నీళ్లలోకి వస్తుంది, బయటికెళ్లే నీళ్ల లైన్లో కండక్టివిటీ మీటరు ఉంటే వెంటనే పట్టుకోవచ్చు.

ఇంత చూసినా అనుమానం మిగిలితే కూపన్ పరీక్షే (మెటీరియల్ చిన్న ముక్కని ద్రవంలో ఉంచి తగ్గిన బరువు చూడటం) దారి. స్వచ్ఛమైన ల్యాబ్ యాసిడ్‌లో కాదు, మీ ప్లాంటు ద్రవంలోనే, గోడ వేడి దగ్గర, వెల్డు ఉన్న ముక్కతో చేయాలి. ఎన్ని గంటలంటే, 50ని మీరు ఊహించే రేటుతో భాగించండి: ఏడాదికి 0.1 మిల్లీమీటరైతే 500 గంటలు, అంటే దాదాపు మూడు వారాలు. తగ్గిన బరువుని మిల్లీగ్రాముల్లో తీసుకుని 87.6తో గుణించి, సాంద్రత (ఘన సెంటీమీటరుకి గ్రాముల్లో), చదరపు సెంటీమీటర్లలో వైశాల్యం, గంటలు, ఈ మూడింటి లబ్ధంతో భాగిస్తే ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. బరువు దగ్గరే ఆగకుండా కూపన్‌ని పట్టి ఉంచిన పీటీఎఫ్ఈ వాషర్ తీసి దాని కింద భూతద్దంతో చూడండి. అక్కడ గుంటలు పడి ఉంటే, సగటు రేటు ఎంత బాగా వచ్చినా ఆ మెటీరియల్‌ని గ్యాస్కెట్ ఎక్స్ఛేంజర్‌కి ఆర్డర్ చేయొద్దు.